ట్రాక్టరు వెనుక ఇరుసులోని గేరు ఆయిలు

(కార్వేటినగరం రైతులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చెరువుల క్రింద, బావుల క్రింద వరి పండించు మీకు ట్రాక్టరుతో కయ్యలు అడుసు దున్నుట కొత్త కాదు. ఇంజనులో ఆయిలు, రేడియేటరులో నీరు ప్రతి ఉదయము చూచుకొందురు. సీటు క్రింద ఇరుసులోని గేరు ఆయిలును మాత్రము శబ్దము వచ్చువరకు తలచువారు తక్కువ. శబ్దము వచ్చు నాటికే గేరు పండ్లు అరిగియుండును. నాట్లవేళ బండి షెడ్డులో పడినచో నారు ముదిరిపోవును. చెరువు నీరు మన కొరకు ఆగదు.

మొదట ఇరుసులోని డిఫరెన్షియల్ పని తెలిసికొందము. బండి మలుపు తిరుగునపుడు బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను. ఆ తేడాను సర్దు గేర్ల కూర్పే డిఫరెన్షియల్. అయితే దీనికొక లోపము కలదు. ఒక చక్రము బురదలో పట్టు తప్పినచో అది ఊరకే గిర్రున తిరుగును. గట్టునేల మీది చక్రము నిలిచిపోవును.

ఈ లోపమును తగ్గించుటకు 1930లలో జర్మనీ పందెపు కార్లలో జారుడును కట్టడి చేయు డిఫరెన్షియల్ వాడిరి. దీనినే లిమిటెడ్ స్లిప్ అందురు. నేడు కొన్ని కార్లకు, జీపులకు ఇది ఉన్నది. వీటిలో పెక్కింటిలో పలుచని పలకలు నూనెలో మునిగి ఒరసికొనుచుండును. ఆ నూనె పలకలను అరగనీయరాదు, బొత్తిగా జారనీయను రాదు. నూనె పాతబడినను, తగని నూనె పోసినను పలకలు పట్టి విడుచుచుండును. మలుపులో బండి దడదడలాడును.

ట్రాక్టరులో ఆ పలకలకు బదులు కాలితో తొక్కు డిఫరెన్షియల్ లాకు ఉండును. కాని కార్లకు చెప్పిన మాట మనకును వర్తించును. నేటి పెక్కు ట్రాక్టర్లలో బ్రేకు పలకలు నూనెలోనే మునిగియుండును. గేర్లకు, డిఫరెన్షియల్‌కు, బ్రేకులకు ఒకే నూనె. అది చెడినచో గేర్లతోపాటు బ్రేకు కూడ చెడును. చెరకు బండితో పల్లము దిగునపుడు ఇది ప్రాణముతో పని.

నూనెకు పెద్ద శత్రువు నీరు. ఎండలో పని చేసిన ఇరుసు కాగియుండును. దానిని ఒక్కసారిగా చల్లని కయ్యలోనికి దింపినపుడు లోపలి గాలి ముడుచుకొని, అరిగిన సీళ్ల సందున, బ్రీదర్ రంధ్రమున నీటిని లోనికి పీల్చును. నీరు కలిసిన నూనె గేరు పండ్ల నడుమ పొరగా నిలువలేదు. ఇనుము త్రుప్పు పట్టును.

పరీక్షలు ఇంటివద్దనే చేయవచ్చును.

1. రాత్రి నిలిపిన బండిని, ఉదయము కదపకముందు, చదునునేలపై కొలతపుల్ల తీసి చూడవలెను. నూనె పాలుపోసిన టీ వలె ఉన్నచో నీరు చేరినట్లే. పని ముగిసిన వెంటనే గాలి బుడగలచేత కూడ తెల్లగా కనబడును గనుక అప్పుడు నిర్ణయింపరాదు.

2. సందేహమున్నచో పాత ఇనుపరేకును కాచి, మంటకు దూరముగా తీసి, ఒక చుక్క నూనె వేయుడు. పోపులో ఆవాలవలె చిటపటలాడినచో నీరున్నది. ముఖము దగ్గర పెట్టరాదు.

3. నూనె దింపినపుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతమును చూడుడు. మెత్తని బూడిదవంటి ముద్ద సహజము. బియ్యపు నూకలంత ఇనుపముక్కలున్నచో మెకానిక్కుకు చూపక బండి నడుపరాదు.

4. మాడిన వాసన, నల్లని రంగు ఉన్నచో నూనె కాగి చెడినదని గ్రహింపవలెను.

నీరు చేరిన నూనెపై కొత్త నూనె కలిపి సరిపెట్టుకొనుట పొరపాటు. అంతయు దింపివేయవలెను; నీరు చేరిన దారి, అనగా సీలు, బ్రీదర్, మూత, సరిచేయవలెను. లేనిచో కొత్త నూనెయు వారములో పాలగును. నూనె వెచ్చగా ఉన్నపుడు దింపినచో మడ్డి కూడ దిగును. ఎన్ని గంటలకు మార్చవలెనో, ఏ రకము పోయవలెనో బండి పుస్తకములో ఉండును. నూనెబ్రేకుల బండికి అంగడిలో దొరికిన తొంబది నంబరు గేరు ఆయిలు పోయరాదు. గుర్తును మించి పోసినను నురుగెత్తి సీళ్లనుండి కారును. అడుసుపని ముగిసినపుడు గడువుతో పనిలేక ఒకసారి పరీక్షింపవలెను.

లాకు విషయమై ఒక మాట. చక్రము వేగముగా తిరుగుచుండగా లాకు తొక్కరాదు. క్లచ్చి నొక్కి, చక్రము ఆగిన పిదప తొక్కవలెను. లాకుతో మలుపు తిప్పరాదు. బురద దాటగానే వదలవలెను.

దింపిన నూనెను కాలువలో, బావి గట్టున పారబోయక డబ్బాలో పట్టి పాతనూనె కొనువారికి ఇయ్యుడు.

అద్దె బండితో దున్నించువారు కూడ డ్రైవరును ఈ మాట అడుగవచ్చును. రేపు ఉదయము బండి కదపకముందు కొలతపుల్ల ఒక్కసారి తీసి చూడుడు. అందుకు రెండు నిమిషములు చాలును.