పనిదినముల లెక్క, సేద్యపు కుటుంబపు రాబడి
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



విత్తనములను గురించి, ఎరువులను గురించి, పురుగుమందులను గురించి మేము మీతో తరచుగా మాటలాడుచునే యున్నాము. ఎకరాకు ఎన్ని బస్తాలు పండినవో మీరు చెప్పుదురు, మేము వ్రాసికొందుము. కాని ఏడాది మొత్తమున మీ ఇంటిలోని పనివారికి ఎన్ని దినముల పని దొరికినది, ఆ పనికి చేతికి ఎంత ముట్టినది అని మేము అడుగుట అరుదు, మీరు చెప్పుటయు అరుదు. దిగుబడి బాగుగనే యుండియు ఇల్లు గడవని కుటుంబములు మన రెండు తెలుగు రాష్ట్రములలోను అనేకము కలవు. కావున నేడు బస్తాల లెక్క కొంచెము ప్రక్కకు పెట్టి, పనిదినముల లెక్క చూతము.

మొదట కొన్ని అంకెలు చెప్పక తప్పదు. జాతీయ నమూనా సర్వే వారు 2019లో దేశమంతట సేద్యపు కుటుంబముల స్థితిగతులను విచారించిరి. 2018 జూలై మొదలు 2019 జూన్ వరకు గల వ్యవసాయ సంవత్సరపు లెక్కలవి. ఆ లెక్కల ప్రకారము ఒక సేద్యపు కుటుంబమునకు సగటున నెలకు వచ్చిన రాబడి రూ. 10,218. ఇందులో పంటల వలన వచ్చినది రూ. 3,798 మాత్రమే. కూలి, జీతముల వలన వచ్చినది రూ. 4,063. పశుపోషణ వలన రూ. 1,582, సేద్యము గాక ఇతర వ్యాపారముల వలన రూ. 641, భూమిని కౌలుకిచ్చుట వలన రూ. 134. అనగా మనము రైతు అని పిలుచు మనిషి ఇంటికి, పైరు కంటె కూలి, జీతముల వలననే ఎక్కువ సొమ్ము చేరినది. ఇది సగటు మాట. పది ఎకరముల ఆసామికి ఒక తీరు, అరెకరము వానికి వేరొక తీరు. భూమి తగ్గిన కొలది కూలి వంతు పెరుగును.

ఈ రూ. 10,218 అనునది చేతి సొమ్ముతో పెట్టిన ఖర్చులను మాత్రమే మినహాయించి కట్టిన లెక్క. డబ్బు చెల్లింపక ఇంటి నుండి పెట్టిన వానికి కూడ వెల కట్టి మినహాయించినచో అది రూ. 8,337కు దిగుచున్నది. పంటల రాబడి రూ. 3,058 అగును. పశువుల రాబడి మాత్రము రూ. 1,582 నుండి రూ. 441కి పడిపోవును! ఎందుచేత? గేదె తిను వరిగడ్డిని కొనలేదు గనుక అది ఖర్చు కాదని మనము తలచుచుందుము. గట్టు మీది పచ్చగడ్డి కోసితెచ్చిన ఇల్లాలికి కూలి ఇవ్వలేదు గనుక ఆమె పని పనియే కాదని తలచుచుందుము. పాలకేంద్రము వారు పదిహేను దినములకు ఇచ్చు సొమ్ము కంటికి కనుపించును, దాని వెనుక నున్న చాకిరి కనుపించదు. పాడి మానుమని నేను చెప్పుట లేదు. ఆ సొమ్ములో చాల భాగము మన ఇంటి గడ్డికి, ఇంటి ఆడవారి రెక్కల కష్టమునకు వచ్చిన వెలయే యని తెలిసికొనుమని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక మన రాష్ట్రముల మాట. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ సేద్యపు కుటుంబపు నెలసరి రాబడి రూ. 10,480, తెలంగాణలో రూ. 9,403. ఇవి దేశపు సగటునకు దగ్గరగనే యున్నవి. అప్పు మాత్రము దగ్గరగా లేదు. దేశమున సగటు కుటుంబపు అప్పు రూ. 74,121 కాగా, తెలంగాణలో రూ. 1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో రూ. 2,45,554. దేశములోని రాష్ట్రము లన్నిటిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము. అప్పు గల కుటుంబములు దేశమున నూటికి 50 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 93, తెలంగాణలో 91 దాటినవి. రాబడితో పోల్చి చూడుడు. దేశపు సగటు కుటుంబపు అప్పు ఏడు నెలల రాబడికి సమానము. తెలంగాణలో పదహారు నెలలకు, ఆంధ్రప్రదేశ్‌లో ఇరువది మూడు నెలలకు పైగా. తిండి తినక, బట్ట కట్టక, రాబడి యంతయు కట్టినను రెండేండ్లు పట్టును.

అప్పు ఉన్నంత మాత్రమున పేదరికమని అనరాదు. బ్యాంకు గుమ్మము ఎక్కగలిగినవానికే బ్యాంకు అప్పు పుట్టును. పంట ఋణము తెచ్చి, పంట అమ్మి తీర్చువాడు సుఖముగనే యుండవచ్చును. నీతి ఆయోగ్ వారి లెక్కలలో ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 2015-16లో నూటికి 11.77 ఉండగా 2019-21 నాటికి 6.06కు తగ్గిరి, తెలంగాణలో 13.18 నుండి 5.88కి తగ్గిరి. పేదరికము తగ్గిన రాష్ట్రములలో అప్పు ఇంత పెద్దదిగా నుండుట ఎట్లని మీరు అడుగవచ్చును. ఆ లెక్క ఆరోగ్యము, చదువు, జీవన ప్రమాణములను చూచును. ఇంటికి కరెంటు ఉన్నదా, మరుగుదొడ్డి ఉన్నదా, పిల్లలు బడికి పోవుచున్నారా, బ్యాంకు ఖాతా ఉన్నదా అని అడుగును. ఎంత అప్పు ఉన్నదని అడుగదు. కావున రెండును నిజములే. పక్కా ఇల్లు, కరెంటు దీపము, బడికి పోవు పిల్లలు ఉన్న ఇంటిలోనే, నోటు తిరుగవ్రాయుటకు వడ్డీవ్యాపారి అరుగుమీద కూర్చుండు యజమాని కూడ ఉండవచ్చును.

ఇప్పుడు పనిదినముల లెక్కకు వత్తము. డెల్టాలో రెండున్నర ఎకరముల మాగాణి, ఒక గేదె, పనిచేయగల పెద్దలు ఇద్దరు గల ఒక కుటుంబమును తీసికొందము. పండుగలు, పెండ్లిండ్లు, జబ్బులు పోగా ఒక్కొక్కరికి 280 దినముల చొప్పున ఇద్దరికి 560 పనిదినములు ఉన్నవనుకొనుడు. నారుమడి మొదలు నూర్పిడి వరకు అంతయు చేతితోనే చేసినచో ఎకరా వరికి ఇంచుమించు 50 పనిదినములు పట్టును. రెండున్నర ఎకరములకు 125. కాని ఊడ్పు ఒకటి రెండు దినములలో ముగియవలెను, కోతయు అంతే. దానికి బయటి కూలీలను పిలువక తప్పదు. ఇంటివారికి మిగులునది సగము, 60 దినములు. తరువాతి మినుముకు ఇంటివారి పని 20 దినములు. గేదె కొరకు రోజుకు రెండున్నర గంటలని వేసినను, ఎనిమిది గంటల దినముల చొప్పున ఏడాదికి 114 అగును. మొత్తము 194. మిగిలినవి 366. అనగా ఇద్దరిలో ఒకరికి ఏడాది పొడుగునా పని లేనట్లే. ఇది నా ఉజ్జాయింపు లెక్క. మీ ఇంటి లెక్క వేరుగా నుండును. ఎవరి ఇంటి లెక్కను వారే కట్టుకొని చూడవలెను.

ఊడ్పుల కాలమున ఏ ఊరికి పోయినను “కూలీలు దొరకుట లేదు” అని రైతు అనును. మార్చి, ఏప్రిల్ నెలలలో అదే ఊరిలో “పని దొరకుట లేదు” అని కూలివాడు అనును. ఒకరి మాట నిజమైనచో ఇంకొకరిది అబద్ధమని పట్టణపు పెద్దలు వాదించుచుందురు. వారిద్దరును వేర్వేరు నెలలను గురించి మాటలాడుచున్నారు, అంతే. ఊరి పని యంతయు జూలై, ఆగస్టులలో మూడు వారములకు, నవంబరు, డిసెంబరులలో మూడు వారములకు కుదించుకొనిపోయినది. ఆ ఆరు వారములలో కూలి రేటు పెరిగి రైతుకు నష్టము. మిగిలిన నెలలలో పని లేక కూలివానికి నష్టము. మన సన్నకారు రైతులలో చాలమంది ఒకే ఏడాదిలో ఈ రెండు నష్టములను తామే అనుభవించుచున్నారు.

దీనికి మనకు తెలిసిన మందు యంత్రము. వెదజల్లి వరి సాగు చేసినచో ఊడ్పు కూలి తప్పును. కోతమిషను పెట్టినచో కోత, నూర్పిడి ఒక గంటలో ముగియును. ఎకరాకు 50 పనిదినములు పట్టునది 20కి దిగును. తుపాను మబ్బు పట్టినప్పుడు కోతమిషను చేయు మేలు నేను కాదనను. కాని లెక్కలో రెండవ వైపు కూడ చూడవలెను. చేతికోతలో పనలు, కుప్ప, గడ్డివామి వచ్చును. మిషను గడ్డిని చేనిలో చిందరవందరగా పడవేయును. దానిని కట్టలు కట్టు యంత్రమునకు మరల బాడుగ ఇవ్వవలెను, లేనిచో తగులబెట్టుదురు. తగులబెట్టిన గడ్డి వెల గేదె లెక్కలోనికి వచ్చును. మొదట చెప్పిన రూ. 441 మీకు జ్ఞాపకము ఉండును గదా! అట్లే, కోతకు రెండు మూడు దినముల ముందు వరిచేనిలో మినుము చల్లుట మన పాత పద్ధతి. దానికి ఎకరాకు 16 నుండి 18 కిలోల విత్తనము చాలును. కోతమిషను బరువునకు ఆ మొలకలు నలిగిపోవును. మిషను పెట్టదలచినవారు వరి కోసిన పిమ్మట, పదును పోకముందే, దున్నకుండ విత్తు గొర్రుతో మినుము వేసికొనవలెను.

ఊరిలో నాలుగైదు కుటుంబములు కలిసి మాటలాడుకొన్నచో, యంత్రము లేకయే కొంత ఒత్తిడి తగ్గించుకొనవచ్చును. అందరును సాంబమసూరి వంటి 150 దినముల రకమునే ఒకే వారములో ఊడ్చినచో అందరి కోతయు ఒకే వారమున వచ్చును. కొందరు కాలువ నీటి అదను చూచుకొని మధ్యకాలిక రకము వేసికొన్నచో కోతలు రెండు వారములు ఎడము అగును, ఒకరి చేనికి ఒకరు బదులు పోవచ్చును. బదులు పనికి నగదు అక్కరలేదు. ఇది మన తాతలకు తెలిసిన విద్యయే, క్రొత్తది కాదు.

మెట్ట సీమలలో చిక్కు వేరు. అనంతపురము వంటి చోట ఏడాదికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. జూన్, జూలైలలో వేరుశనగ విత్తుదురు, అక్టోబరు నాటికి పీకుదురు. ఆ తరువాత మే వరకు చేనిలో పని లేదు. అందుకే బెంగుళూరు బస్సులు నిండుచున్నవి. పాలమూరు కూలీలు తట్ట, పార పట్టుకొని దేశమెల్ల తిరిగిన కథ కూడ ఇట్టిదే. వేరుశనగలో ఏడు వరుసలకు ఒక వరుస కంది వేసినచో పని, రాబడి కూడ సంక్రాంతి వరకు సాగును. వాన ముఖము చాటేసిన ఏట కందియైనను కొంత దక్కును. దానితోపాటు నాలుగు గొర్రెలున్న ఇల్లు వేసవిని దాటగలదు.

ఈ పనిలేని నెలల కొరకే 2005లో ఉపాధి హామీ చట్టము వచ్చినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే దానికి ప్రారంభోత్సవము జరిగినది. ఏడాదికి ఒక కుటుంబమునకు 100 దినముల పని దాని హామీ. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున 125 దినముల క్రొత్త చట్టమును ఆమోదించినది. విత్తు, కోత కాలములలో మొత్తము 60 దినములు పనులు ఆపుటకు అందులో వీలు కల్పించిరి. రైతుకు కూలీలు దొరకవలెనని వారి ఉద్దేశము. ఆ 60 దినములు ఏవి యన్నదే మనకు ముఖ్యము. డెల్టా ఊడ్పుల నెల అనంతపురపు విత్తు నెల కాదు. ఒకచోటి తేదీలు ఇంకొకచోట పెట్టినచో పొలములోను పని లేక, చెరువుగట్టు మీదను పని లేక కూలి కుటుంబము పస్తుండవలసి వచ్చును. మీ ఊరి పనుల పట్టిక వ్రాసి గ్రామసభలో ఉంచుడు. రైతులును కూలీలును కలిసి వ్రాసిన పట్టికకు అధికారులు ఎక్కువ విలువ నిత్తురు.

కౌలుదారుల సంగతి చెప్పకుండ ఈ లెక్క ముగియదు. 2025-26కు సాధారణ రకపు ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,369, మన 75 కిలోల బస్తాకు సుమారు రూ. 1,777. చేతి ఖర్చులకు ఇంటివారి చాకిరి వెల కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు ఉండునట్లు ఈ ధర నిర్ణయించుచున్నామని ప్రభుత్వము చెప్పుచున్నది. ఇది సొంతదారులు, కౌలుదారులు అందరిని కలిపి కట్టిన సగటు ఖర్చు. ఎకరాకు పది బస్తాలు కౌలు ఇచ్చువానికి ఆ ఒక్క పద్దు క్రిందనే రూ. 17,770 పోవును. అంత కౌలు ఆ సగటులో కనుపించదు. పైగా భూమి వేరొకరి పేర నుండుటచే పంట ఋణము పుట్టదు, ఎరువుల కొట్టువాని వద్దనే అప్పు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సాగుదారు హక్కుల చట్టము 11 నెలల ఒప్పందముతో కౌలుకార్డు ఇచ్చు ఏర్పాటు చేసినది గాని, భూస్వామి సంతకము లేక కార్డు రాలేదు. సంతకము పెట్టినచో భూమి పోవునని భూస్వాములు భయపడిరి. ఆ ఒప్పందమున సాగు హక్కు తప్ప భూమి హక్కు రాదని ఊరి పెద్దలు వారికి నచ్చచెప్పవచ్చును. మీలో భూమిని కౌలుకిచ్చినవారు కూడ ఉందురు. వారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాను.

ఇక మీరు చేయవలసిన పని యొకటి. పిల్లల నోటుపుస్తకము ఒకటి తీసికొని, జూన్ ఒకటవ తేదీ నుండి దినమునకు ఒక వరుస వ్రాయుడు. ఎవరు, ఏ పని, ఎన్ని గంటలు, కూలి వచ్చినదా లేదా. ఇల్లాలి పనికి వేరుగా ఒక గడి ఉంచుడు. ఆ గడిని ఆమెయే నింపవలెను. మీరు నింపినచో తక్కువ పడునని నా అనుభవము. కొనకుండ వాడిన గడ్డిని మోపులలో వ్రాయుడు, ఊరిలో మోపు వెల ఎంతయో ప్రక్కనే వేయుడు. తెచ్చిన అప్పు, ఎవరివద్ద, ఏ వడ్డీకి అన్నది చివరి పేజీలో వ్రాయుడు. అది మాకు చూపనక్కరలేదు. వచ్చే మే నెల తరగతికి ఆ పుస్తకములు తెచ్చినచో, నెలనెలకు కూడి, మీ ఊరిలో ఏ నెలలో పని లేదో, ఆ నెలలో ఏ పైరు, ఏ పశువు సరిపోవునో మనము కలిసి కూర్చుండి చూతము.