చెయ్యి వణికినా కత్తికి పదును

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను మాట్లాడబోయేది వంటింటి చాకు గురించి. చిన్న విషయమని నవ్వుకోకండి. మన వయసులో చెయ్యి తెగితే అది చిన్న విషయం కాదు. షుగరు ఉన్నవారికి గాయం ఆలస్యంగా మానుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి రక్తం త్వరగా ఆగదు.

పదునైన కత్తి ప్రమాదమని చాలామంది భయం. నిజానికి మొద్దు కత్తితోనే ప్రమాదం ఎక్కువ. పదునుంటే టమాటా తొక్కలోకి కత్తి సులువుగా దిగుతుంది. లేకపోతే బలంగా నొక్కుతాం. నొక్కినప్పుడు కత్తి జారి వేళ్ళ మీదికి వస్తుంది. కీళ్ళ నొప్పులున్న చేతికి ఆ నొక్కడమే ఒక శిక్ష.

ఇంట్లో సానరాయి ఉన్నా చాలామందికి పదును పెట్టడం కుదరదు. కారణం కోణం. రాయికీ కత్తికీ మధ్య వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. వంటింటి చాకుకు ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు చాలు. చెయ్యి ఊగితే అంచు గుండ్రబడుతుంది. ఎంత నూరినా పదును రాదు. ఆ వాలును చేతికి బదులు పనిముట్టే నిలబెడితే, చెయ్యి కొంచెం వణికినా ఫరవాలేదు.

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటి దానిలో కత్తిని క్లాంపులో బిగిస్తారు. రాయికి అమర్చిన కడ్డీని క్లాంపుకున్న రంధ్రంలో దూర్చి రాయిని ఆడిస్తారు. లాన్‌స్కీ అనే అమెరికన్ కంపెనీ సెట్టులో 17, 20, 25, 30 డిగ్రీలకు రంధ్రాలుంటాయి. రెండో దానిలో పీట మీద వాలుగా నిలిపిన రెండు కడ్డీలుంటాయి. కత్తిని నిటారుగా పట్టుకొని కిందికి లాగితే చాలు.

పద్ధతి చెబుతాను. ముందు అంచు వెంబడి స్కెచ్ పెన్నుతో రంగు పూయండి. రాయిని రెండు మూడుసార్లు ఆడించాక రంగు సరిగ్గా అంచు దాకా చెరిగితే కోణం సరిపోయినట్టు. అంచు దగ్గర రంగు మిగిలితే కోణం తక్కువైనట్టు. పై రంధ్రానికి మార్చండి. ఒక వైపు నూరుతూ పోతే అవతలి వైపు అంచుకు సన్నటి గరుకు తేలుతుంది. పిడి నుంచి మొన దాకా ఆ గరుకు తగిలాకే రెండో వైపు మొదలుపెట్టాలి. తడిమేటప్పుడు బొటనవేలిని వెన్ను వైపు నుంచి అంచు బయటికి అడ్డంగా జరపాలి. అంచు వెంబడి ఎన్నడూ జరపకూడదు. చివరకు నున్నటి రాయితో అటొకసారి ఇటొకసారి తేలికగా ఆడిస్తే గరుకు పోతుంది. తరువాత కత్తిని కడిగి తుడవాలి, ఇనుప పొడి కూరల్లో పడకూడదు కదా.

పొడవైన కత్తికి క్లాంపును జరిపి రెండు భాగాలుగా నూరాలి. క్లాంపు ఎక్కడ బిగించారో గుర్తు పెట్టుకుంటే మరోసారి అదే వాలు వస్తుంది. కత్తిపీటకు మాత్రం ఈ క్లాంపు పనికిరాదు. కత్తిపీటను సాన పట్టే మనిషికి ఇవ్వడమే మేలు.

పనిముట్టు కొనకుండా చూడదలచినవారు కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మళ్ళీ మడిస్తే 22న్నర డిగ్రీలు వస్తాయి. దాన్ని సానరాయి పక్కన నిలిపి కత్తి వాలును సరిచూసుకోవచ్చు.

చివరిగా మగవారికి ఒక మనవి. కూరలు తరిగే పని ఇన్నేళ్ళూ ఇంటి ఇల్లాలికే వదిలేశాం. నెలకు ఒక అరగంట కత్తుల పని మనం తీసుకుంటే ఆమె చేతికి శ్రమ తగ్గుతుంది. మనకూ ఒక కాలక్షేపం.