పాత కాగితం, అవ్వ చాట

ఇంజనీరువి కదా, పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమన్నారు. నాకు బాగా తెలిసిందీ, నన్ను బాగా ముంచిందీ ఒక్కటే. పాత కాగితం.

పరీక్షలు కాగానే మన నోటుపుస్తకాలు ఏమయ్యేవో గుర్తుందా? సగం అంగడికి పోయి బొరుగుల పొట్లాలయ్యేవి. (అచ్చు కాగితంలో తినేవి కట్టకూడదని ఇప్పుడు నిబంధనే ఉంది.) మిగతా సగం మా అవ్వ నీళ్లతొట్టిలో వేసేది. మూడు నాలుగు రోజులు నానినాక, నానబెట్టిన మెంతులు కలిపి రోట్లో రుబ్బి, ఆ గుజ్జును వెదురు చాటకు అలికేది. సందులు పూడి పిండి కారేది కాదు. బోర్లించిన బిందెకు అదే గుజ్జు అంటించి ఆరబెడితే బుట్ట. నా లెక్కల నోటు కూడా అట్లా బుట్టయింది. అందులోని మార్కులకు అదే మంచి గతి.

మెంతులు ఎందుకవ్వా అంటే 'పురుగు పట్టదురా' అనేది. అసలు సంగతి నాకు కాలేజీ దాటినాక గానీ తెలియలేదు. కాగితమంటే సెల్యులోజ్ పోగులు. తడిపితే విడిపోతాయి, ఆరేటప్పుడు హైడ్రోజన్ బంధాలతో మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మెంతుల జిగురులో గెలాక్టోమానన్ అనే చక్కెరల గొలుసు ఉంది. అది పోగులకు అతుక్కుని పట్టు పెంచుతుంది. కాగితం మిల్లుల్లో గోరుచిక్కుడు గింజల బంక వాడేదీ ఇందుకే. మా అవ్వకు సంతకం రాదు.

అచ్చు కాగితం సిరా కడిగి కొత్త కాగితం చేసే పద్ధతిని 1774లో జర్మనీలో క్లాప్‌రోత్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పుస్తకంగా వేశాడు. అయితే తిప్పి వాడినప్పుడల్లా పోగు పొట్టిదవుతుంది, బిరుసెక్కుతుంది. అందుకే రాసుకునే కాగితం అట్ట అవుతుంది, అట్ట చివరికి కోడిగుడ్ల ట్రే అవుతుంది. సెల్యులోజ్‌ను కాస్టిక్ సోడాతో, క్లోరో అసిటిక్ ఆమ్లంతో మార్చితే సబ్బుపొడిలో, ఐస్‌క్రీములో కలిపే సీఎంసీ వస్తుంది. అది పెద్ద ఫ్యాక్టరీల పని.

నేను చిన్నదే ఎంచుకున్నాను. చిత్తూరు దగ్గర 30 గుడ్ల ట్రేల యూనిట్ పెట్టాను, నాన్న మామిడితోట తాకట్టు పెట్టి. గుజ్జు బాగానే వచ్చింది. అచ్చులోంచి తీసిన పచ్చి ట్రేలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. డ్రయ్యర్ ఖర్చు మిగులుతుందని ఎండనే నమ్ముకున్నాను. మనకు ముసురు పట్టేది అక్టోబరు, నవంబరులోనని ఈ గడ్డ మీద పుట్టినవాడికి ఎవరైనా చెప్పాలా? ట్రేలు బూజు పట్టాయి. రెండేళ్లకు యూనిట్ మూతపడింది, తోట పోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. మామిడికాయల కాలంలో మాత్రం మార్కెట్ వైపు వచ్చేవాడు కాదు. తర్వాత ఇరవై ఏళ్లు వేరేవాళ్ల యూనిట్లలో పనిచేశాను. చేరిన ప్రతిచోటా మొదట చూసింది డ్రయ్యరే.

ఇందాక స్టోరు గదిలో పాత జవాబు పత్రాల గోతాలు చూశాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే ఒక గోతం నాకివ్వండి. ప్లాస్టిక్ పూత అట్టలు, మిషన్ బిల్లులు ఏరేసి, ఎనిమిదో తరగతి పిల్లలతో చాటలు అలికిద్దాం. ఎండాకాలంలోనే సుమా. మెంతులు నేను తెస్తాను. రోలు ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే చెప్పండి.