పన్ను కోసం పొదుపా, రేపటి కోసం పొదుపా?



ఏటా జనవరి దాటగానే ఆఫీసుల్లో ఒక మాట వినబడుతూ ఉండేది: "పొదుపు రసీదులు ఇవ్వండి, లేకపోతే జీతంలో పన్ను కోస్తాం." ఆ సాయంత్రమే ఇంటికి బీమా ఏజెంటు వచ్చేవాడు. చాలాసార్లు ఆయన మనకు దూరపు బంధువో, ఒకప్పుడు మనతో పనిచేసినవాడో అయి ఉంటాడు. కాదనలేం. టీ తాగే లోపల ఇరవై ఏళ్ల ఒప్పందం మీద సంతకం అయిపోయేది. చీర కొనడానికి నాలుగు షాపులు తిరిగే మనం, పది లక్షలు కట్టవలసిన పాలసీకి పది నిమిషాలు కేటాయించాం. పన్ను తగ్గుతుంది కదా అన్నదే అప్పట్లో మన సమాధానం.

ఆ సమాధానం ఇప్పుడు చాలామంది విషయంలో చెల్లదు. ఎందుకు చెల్లదో, అలాంటప్పుడు మన పొదుపు ఎలా ఉండాలో ఈ పాఠంలో చూద్దాం.

ఏం మారింది?

2005 బడ్జెట్‌తో ఆదాయపు పన్ను చట్టంలోకి 80సి సెక్షన్ వచ్చింది. బీమా ప్రీమియం, పీపీఎఫ్, భవిష్య నిధి, ఐదేళ్ల డిపాజిట్ వంటి వాటిలో పెట్టిన డబ్బును, ఏడాదికి లక్ష రూపాయల వరకు, ఆదాయంలోంచి తీసివేసి పన్ను లెక్క వేసేవారు. 2014లో ఆ పరిమితిని లక్షన్నరకు పెంచారు.

2020 బడ్జెట్‌లో రెండో పద్ధతి ఒకటి ప్రవేశపెట్టారు. ఇందులో పన్ను రేట్లు తక్కువ, కానీ 80సి మినహాయింపు లేదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, మనం ప్రత్యేకంగా పాతది కావాలని కోరకపోతే, ఈ కొత్త పద్ధతే వర్తిస్తుంది. 2025-26 నుంచి ఇందులో 12 లక్షల వరకు పన్ను వేయదగిన ఆదాయానికి రిబేటు వల్ల పన్ను లేదు. షేర్ల అమ్మకంపై లాభం వంటి కొన్ని ఆదాయాలకు మాత్రం ఈ రిబేటు ఉండదు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ అదనం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ జీతం నెలకు 60 వేలు, అంటే ఏడాదికి 7 లక్షల 20 వేలు అనుకోండి. పాత పద్ధతిలో 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, పొదుపు ఏమీ చూపకపోతే సెస్సుతో కలిపి 48,360 రూపాయలు పన్ను. లక్షన్నర పొదుపు చూపితే 17,160. అంటే 31,200 రూపాయలు మిగిలాయి. అదే జీతానికి కొత్త పద్ధతిలో, ఒక్క రూపాయి పొదుపు చూపకపోయినా, పన్ను సున్నా. సాయంత్రం ట్యూషన్ చెప్పి మరో లక్ష సంపాదించి ఆదాయంలో కలిపి చూపినా సున్నాయే.

ఇంటి అద్దె భత్యం, గృహరుణ వడ్డీ వంటి మినహాయింపులు పెద్ద మొత్తంలో ఉన్నవారికి పాత పద్ధతే లాభం కావచ్చు. అందుచేత ఏటా రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

పాలసీ అసలు రంగు

ఇప్పుడు ఆ ఏజెంటు అమ్మిన పాలసీని చూద్దాం. ఏడాదికి 50 వేల చొప్పున ఇరవై ఏళ్లు కడితే చివరికి 16 లక్షలు వస్తాయనీ, బీమా 10 లక్షలనీ అనుకుందాం. కట్టింది 10 లక్షలు, వచ్చింది 16 లక్షలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇరవై ఏళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే ఈ పెరుగుదల ఏడాదికి సుమారు 4.3 శాతమే. మన రిజర్వు బ్యాంకు ధరల పెరుగుదలకు పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. అంటే ధరలు ఆ లక్ష్యం ప్రకారమే పెరిగినా, ఇరవై ఏళ్ల ఓపికకు దక్కింది దాదాపు ఏమీ లేదు.

మరి ఇన్నాళ్లూ ఇది నష్టంగా ఎందుకు కనబడలేదు? పాత పద్ధతిలో 20 శాతం శ్లాబులో ఉన్నవారికి ఆ 50 వేల మీద ఏటా 10,400 పన్ను తగ్గేది. నిజంగా చేతి నుంచి పోయింది 39,600 మాత్రమే. అలా లెక్కిస్తే రాబడి 6.3 శాతం అయ్యేది. పన్ను మినహాయింపు పాలసీ బలహీనతను కప్పిపెట్టింది. కొత్త పద్ధతిలోకి వచ్చినవారికి ఆ ముసుగు తొలగిపోయింది.

ఇంకొక విషయం దీనికంటే ముఖ్యం. ఇంటి యజమాని హఠాత్తుగా పోతే ఆ 10 లక్షలు ఎన్నాళ్లు వస్తాయి? నెలకు 60 వేల చొప్పున వాడితే 17 నెలలు కూడా రావు. పెద్ద ప్రీమియం కట్టామన్న ధైర్యమే తప్ప, కుటుంబానికి రక్షణ లేదు.

బీమాను, పొదుపును విడదీయండి

చనిపోతేనే డబ్బు వచ్చే పాలసీని టర్మ్ బీమా అంటారు. బతికి ఉంటే ఏమీ రాదు కాబట్టి "డబ్బు వృథా" అని మనవాళ్లు దానికి దూరంగా ఉంటారు. స్కూటరుకు బీమా కట్టి, ఏడాదిలో ప్రమాదం జరగలేదని బాధపడతామా? ఇదీ అంతే. వ్యక్తిగత జీవిత బీమాపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

వయసు, ఆరోగ్యాన్ని బట్టి ప్రీమియం మారుతుంది. మీకు ఏడాదికి 10 వేలు అవుతుందనుకుందాం. మిగిలిన 40 వేలు పీపీఎఫ్‌లో వేయండి. దాని వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గింది, 2025 చివరి వరకూ అదే ఉంది. ఆ రేటే కొనసాగితే ఇరవై ఏళ్లకు సుమారు 17 లక్షల 75 వేలు. పదిహేనేళ్ల గడువు తర్వాత ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. వడ్డీపై ఏ పద్ధతిలోనూ పన్ను లేదు.

తొందరపడవద్దు

ఇది విని రేపే పాత పాలసీలన్నీ రద్దు చేయకండి. ముందుగా టర్మ్ బీమా తీసుకోండి, అది చేతికి వచ్చాక మాత్రమే పాతదాని సంగతి ఆలోచించండి. పాలసీ సరెండర్ చేస్తే ఎంత వస్తుందో, ప్రీమియం ఆపి పెయిడప్‌గా ఉంచితే గడువు నాటికి ఎంత వస్తుందో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. గడువు దగ్గర పడిన పాలసీని కొనసాగించడమే మేలు కావచ్చు. కొత్తగా తీసుకున్నదైతే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చే హక్కు మీకుంది.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. రసీదు అడిగేవారు లేరు కదా అని పొదుపే మానేయడం. ఇన్నాళ్లూ చట్టం మనచేత బలవంతంగానైనా దాచిపెట్టించింది. ఇక ఆ పని మనమే చేసుకోవాలి. జీతం పడిన మర్నాడే బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే కోత పడేలా ఏర్పాటు చేసుకోండి. ఎక్కువ వడ్డీ అప్పులు ముందు తీర్చండి. తర్వాత ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచండి, ఆరోగ్య బీమా చూడండి. ఆ పైన దూరపు అవసరాలు.

ఈ వారం మీరు చేయవలసిన పని ఒకటే. బీరువాలోని పాలసీ పత్రాలు తీసి, ఒక కాగితం మీద ప్రతిదానికీ మూడు ప్రశ్నలు రాయండి. ఏడాదికి ఎంత శాతం పెరుగుతుంది? నేను లేకపోతే ఇంట్లోవారికి ఎంత వస్తుంది? మధ్యలో ఆపితే ఎంత వస్తుంది? జవాబులు రాసేటప్పుడు మీ భార్యనో, భర్తనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ రెండో ప్రశ్నకు జవాబు అవసరమయ్యేది వారికే.

సెలవు.