లిఫ్టులో పాట, కల్లంలో మాట

పాత పాటల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఒక్క పాట గురించే చెబుతాను.

1978లో 'మరో చరిత్ర' వచ్చింది. మన మార్టూరు నుంచి బస్సెక్కి చిలకలూరిపేట వెళ్లి చూశాం. మాలో చాలామంది లిఫ్టు అనేదాన్ని మొదట చూసింది ఆ సినిమాలోనే. కమల్ హాసన్ తమిళ అబ్బాయి, సరిత తెలుగమ్మాయి. విశాఖపట్నంలో పక్కపక్క ఇళ్లు. లిఫ్టులో ఆ అబ్బాయి ఉన్నట్టుండి పాట అందుకుంటాడు. ఆ పాటంతా తెలుగు సినిమాల పేర్లు గుచ్చిన దండ!

రాయకుండా నిర్మాతల్ని ఏడిపిస్తాడని పేరుపడ్డ ఆత్రేయ గారు రాశారు. ఎం.ఎస్. విశ్వనాథన్ గారు బాణీ కట్టారు. బాలు గారు, రమోలా పాడారు. తెర వెనక ఎంత కసరత్తు చేశారో గానీ, వింటుంటే అప్పటికప్పుడు నోటికొచ్చినట్టే ఉంటుంది. 1981లో బాలచందర్ గారు ఇదే కథను హిందీలో తీసినప్పుడు, ఆ లిఫ్టు పాటలో హిందీ సినిమాల పేర్లు పెట్టారు.

ఆ కుర్రాడికి తెలుగు సరిగా రాదు. గోడ మీది పోస్టర్లలో ఉండే పేర్లతోనే పని జరుపుకున్నాడు. మాట అరువుదైనా ముచ్చట సొంతం. ప్రేమ చెప్పడానికి కవి కానక్కర్లేదు, ఆ క్షణం దాటిపోకముందే నోరు విప్పితే చాలు.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశాను? పెళ్లైన కొత్తలో ఒకరోజు మిరపకాయల కల్లంలో మా ఆవిడ తాలుకాయలు ఏరుతోంది. "బళ్లో బాగా పాడేవారటగా, ఆ లిఫ్టు పాట పాడండి" అంది. చుట్టూ కూలీలు, అవతల మా నాన్న. సిగ్గేసి, తల వంచుకుని నేనూ కాయలు ఏరాను. ఆవిడ నవ్వి, "అయితే మనది మూగమనసులన్నమాట" అంది. సినిమా పేరుతోనే దెబ్బ కొట్టింది!

తర్వాత కాయల ధరలు, అప్పులు, పిల్లల చదువులు. నలభై ఏళ్లు గడిచాయి. ఆవిడ మళ్లీ అడగలేదు, నేను పాడలేదు. ఈమధ్య ఆవిడకు వినికిడి తగ్గింది. డాక్టరు గారు చెవికి మిషను పెట్టుకోమన్నారు. ఇవాళ అది పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది.

కూలీలు లేరు, నాన్న లేడు. సిగ్గు మాత్రం ఇంకా ఉంది. అయినా కార్యదర్శి గారు గంట కొట్టేలోపు ఒక్క చరణం పాడి కూర్చుంటాను. శ్రుతి తప్పితే మన్నించండి.