బాట గురించి నాలుగు మాటలు
(వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య అధ్యక్షురాలి ప్రసంగం)

లోన్లు, రికవరీ గురించి నా కంటే ముందు మాట్లాడినోళ్లు చెప్పినరు. నేను బాట గురించి చెప్త.

మాది గద్వాల దిక్కు, సీడు పత్తి ఊరు. క్రాసింగ్ పనులు వానకాలంలోనే వస్తయి. చేన్లకు పోయే మొరం బాట అప్పుడే గుంతలు పడ్తది, ఆటో రాదు. రెండేండ్ల కిందటి దాకా మేం చేసింది ఒక్కటే, ట్రాలీతో మొరం తెచ్చి గుంతల్లో పోసుడు. రెండు వానలు పడంగనే అదే జాగాలో మళ్లీ గుంత. చుట్టూ అంచు గట్టిగ ఉండి, లోపల పోసింది వదులుగా ఉంటే నీళ్లు అక్కడే నిలుస్తయి, టైరు పడగానే మొరం ఎగిరిపోతది.

అందుకని ముందు కల్టివేటర్‌తో గుంత అడుగు దాకా బాటంతా చీల్చాలి. తర్వాత ట్రాక్టర్ వెనక బ్లేడును ఏటవాలుగా తిప్పి, అంచుల నుంచి నడుమకు మొరం లాగాలి. అంచుకు గట్టులాగ మిగిలిందంటే బాటే కాలువ అయితది. పన్నెండడుగుల బాటకు నడుమ 3 ఇంచుల ఎత్తు ఉండాలి, మేం దారం కట్టి చూస్తం. డ్రైవర్ తొందరపడితే బ్లేడు ఎగిరెగిరి బాట అలలు అలలుగా లేస్తది. మనిషి నడిచినంత వేగం చాలు. ఎండిన మట్టి మీద చేస్తే దుమ్మే మిగులుతది. తొలకరి పడి తడి ఆరుతున్నప్పుడు చేయాలి, లేదంటే ట్యాంకర్‌తో తడపాలి. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ వచ్చినయి గదా. రోలర్ దొరకకపోతే నిండు ట్రాలీతో అంచు నుంచి నడుమకు తొక్కించుకోవచ్చు.

కష్టం కాలువ కాడ వచ్చింది. బాట పక్క కాలువను రెండు దిక్కుల చేన్లోళ్లు ఏటేటా దున్ని కలుపుకున్నరు. మీటింగ్‌లో అందరం తలలూపినం, కొలవడానికి మాత్రం ఎవరూ రానియ్యలే. ఒక చెల్లె లేచి, "ముందు మీ చేను కొలువు అక్కా" అన్నది. మా ఇంటాయన రెండడుగులు దున్నిండు. నాకు తెలుసు, అయినా అప్పటిదాకా నోరు తెరవలే. ఆ రాత్రి ఇంట్లో గొడవ. తెల్లారి మొదటి ముగ్గు మా చేన్లోనే పోసినం. ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలే. తర్వాత పదకొండు మంది ఇచ్చినరు, ఇద్దరు ఇయ్యలే. వాళ్ల చేను ముందట ఇప్పటికీ బురదే. అక్కడ ఆటో దిగి చెప్పులు చేతిలో పట్టుకోవాలి.

బ్లేడు మా సమాఖ్య దగ్గర ఉన్నది, కిరాయికి ఇస్తం. ట్రాక్టర్ మీరే తెచ్చుకోవాలి. రోహిణి కార్తె లోపల ఏ ఊరికి ఎప్పుడు కావాలో సీసీ సారుకు చెప్పండి. కేజ్ వీల్స్‌తో ట్రాక్టర్ బాటెక్కితే మాత్రం మా ఊళ్లో ఆపి విప్పిస్తున్నం, మీరూ విప్పించండి.