రాక్ అండ్ రోల్ తొలి గాయకులు - వారికి రావలసిన బకాయిలు

(వర్ధన్నపేటలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతాడనుకుంటే రాక్ అండ్ రోల్ అంటాడేమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. 1957లో వచ్చిన 'ఆశా' సినిమాలో కిశోర్ కుమార్ పాడిన 'ఈనా మీనా డీకా' విని కాలు కదపనివారు మనలో ఎవరున్నారు? ఆ ఊపు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ దానికి దారి వేసిన గాయకుల్లో ఎక్కువమంది నల్లజాతివారు. వారి సంగీతం గొప్పతనం తెలిసినవారు చెప్పాలి. నేను 33 ఏళ్లు పే బిల్లులు రాసిన గుమాస్తాను గనుక వారి బకాయిల సంగతి చెబుతాను.

బిగ్ మామా థార్న్‌టన్ అనే ఆమె 1952లో 'హౌండ్ డాగ్' పాట రికార్డు చేసింది. నల్లజాతివారి పాటలను అప్పట్లో రిథమ్ అండ్ బ్లూస్ అని వేరుగా లెక్కించేవారు. ఆ జాబితాలో 1953లో ఈ పాట ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆమె చెప్పుకున్న ప్రకారం చేతికి ముట్టింది 500 డాలర్లు. 1956లో అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడితే లక్షల రికార్డులు అమ్ముడుపోయాయి. ప్రెస్లీ గొప్ప గాయకుడే, కాదనను.

చక్ బెరీ 1955లో రాసి పాడిన 'మేబెలీన్' పాటకు రచయితలుగా మరో ఇద్దరి పేర్లు చేరాయి. అందులో ఒకాయన ఆ పాటను రేడియోలో వేసిన అలన్ ఫ్రీడ్. ఆ పేర్లు తీయించి పూర్తి హక్కు తెచ్చుకునేసరికి 1986 వచ్చింది. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ దిద్దించుకోవడానికి తిరిగినవారికి ఈ బాధ తెలుసు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది రూత్ బ్రౌన్ గురించి. 1928లో పుట్టిన ఈమె పాటలతోనే అట్లాంటిక్ రికార్డు కంపెనీ నిలదొక్కుకుంది. 'రూత్ కట్టిన ఇల్లు' అని ఆ కంపెనీకి పేరు. అటువంటి మనిషి 1960లలో పిల్లల్ని పోషించుకోవడానికి ఇళ్లలో పని చేసింది, స్కూలు బస్సు నడిపింది. రికార్డింగు ఖర్చులు, ముందుగా ఇచ్చిన సొమ్ము అన్నీ గాయని ఖాతాలో అప్పుగా రాసి, రాయల్టీలోంచి రికవరీ పెట్టేవారు. పాట అమ్ముడవుతూనే ఉంటుంది, అప్పు మాత్రం తీరదు. దొర దగ్గర జీతమున్న మనిషి ఖాతా మన పెద్దలు చూసిందే కదా!

ఆమె ఊరుకోలేదు. హోవెల్ బెగిల్ అనే వకీలు ఫీజు లేకుండా ఆమె పక్షాన నిలిచాడు. 1988లో కంపెనీ దిగివచ్చి, ఆమెతో సహా 30 మందికి పైగా పాత కళాకారుల అప్పులు కొట్టివేసి, వెనుకటి 20 ఏళ్ల రాయల్టీ ఇవ్వడానికి ఒప్పుకుంది. 20 ఏళ్ల ఎరియర్సు! వృద్ధ కళాకారుల వైద్యానికి, అవసరాలకు ఆదుకునే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్‌కు కూడా సొమ్ము ఇచ్చింది.

పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న చెప్పింది. ఆ తేదీనే ఈ సభ జరుపుకుంటున్నాం. మన సినిమా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి, పాడినవారికి రాయల్టీ హక్కు గట్టిపడింది 2012 కాపీరైటు సవరణతోనే. ఘంటసాల 1974లో, జిక్కి 2004లో వెళ్లిపోయారు.

రూత్ బ్రౌన్ 2006లో కన్నుమూసింది. తన సొమ్ము తాను చూసుకుంది. బిగ్ మామా మాత్రం ఆ ఫౌండేషన్ పుట్టడానికి నాలుగేళ్ల ముందే, 1984లో, లాస్ ఏంజిలిస్‌లో ఒక అద్దె గదిలో పోయింది.